ఏలకుల వాసన వచ్చిన బదనిక

నిజామాబాద్‌లో ఒక కాలేజీ ల్యాబ్. రంజాన్ నెల, పొద్దున పదిన్నర. చెట్ల కొమ్మలను పట్టుకొని పెరిగే, అడవిలో కరువైపోతున్న మందుమొక్క బదనికను సీసాల్లో పెంచే సుకన్య మేడం, ఆమె దగ్గర పనిచేసే బోధన్ అమ్మాయి నజియా. పదకొండింటికి కమిటీ సారు రావాలి.

"నజియా, బదనిక సీసాలల్ల ఏలకుల వాసన ఎందుకొస్తుంది?"

"ఏలకులా? మీకు జలుబు గిట్ల చేసిందా మేడం?"

"జలుబు చేస్తే వాసన పోతది, రాదు. ఇటు రా. ఈ పచ్చగున్నయేంది?"

"మొలకలు మేడం."

"లెన్స్ కింద పెట్టి చూసిన. వేరు లేదు, ఆకు లేదు. కత్తితోని కోసినట్టున్నయ్."

"కొత్త రకం..."

"నజియా!"

"పిస్తా కావచ్చు మేడం."

"పిస్తానా?"

"కావచ్చంటున్న. కాకపోవచ్చు గూడ."

"అయితే రుచి చూసి చెప్పు."

"రోజా ఉన్న మేడం. పొద్దు గూకేదాక మంచినీళ్లు గూడ ముట్ట."

"జరుగు, నేనే చూస్త."

"ఎట్లున్నది మేడం?"

"మస్తుగున్నది. అందుకే భయమైతుంది. నా మొక్కలేవి?"

"నిన్న ఏసీ ఖరాబైంది గద. మొక్కలు ఉడికిపోతయని ఆరు సీసాలు మా ఇంటికి తీస్కపోయిన, కూలర్ ఉందని. ఫ్రిజ్ పక్కన పెట్టిన. మా అమ్మీ గూడ గసొంటి సీసాలల్లనే చైనా గ్రాస్ మిఠాయి పోస్తది, అది గూడ మన మొక్కల జిగురు లెక్కనే ఉంటది. పొద్దున ఉరుకులాటల..."

"మన సీసాలు మీ అమ్మకెట్ల దొరికినయ్?"

"పాతయి పారేస్తుంటే పాపమనిపించింది మేడం."

"పాపం నాది! సిరికొండ అడవంత తిరిగితే ఒక ఇప్పచెట్టు మీది బదనికకు ఒక్క కాయ దొరికింది. మిగిలినయన్ని కీళ్లనొప్పుల మందుకని జనం వేళ్లతోసహా పీక్కపోయిండ్రు. ఆ ఒక్క కాయ విత్తనాలకు రెండేండ్లు కండ్లల్ల ఒత్తులేసుకొని కూసున్న. మిగిలినయే ఆరు సీసాలు."

"బయటికి తీసినయి బతుకుతలేవు గద మేడం."

"పుండు మీద కారం చల్లకు. బయట బతికింది ఒక్కటన్న చూపియ్యకుంటే ల్యాబ్ మూస్తమని కమిటీవాళ్లన్నరు. సీసాలన్న చూపిద్దామంటే గవి గూడ పాయె. మీ అమ్మకు ఫోన్ చెయ్. స్పీకర్ పెట్టు."

"అమ్మీ, మేడం వింటున్నరు, తెలుగుల మాట్లాడు. ఫ్రిజ్ పక్కన సీసాలేం చేసినవ్?"

"సలాం మేడంసాబ్! నేను హుసేన్ బీని. నిన్న ఇఫ్తార్‌కు పక్కింటి ఇనాయత్ భాయ్‌కి ఒకటి పంపిన."

"తిన్నడా అమ్మా?"

"ఒక చెంచ తిన్నడు. షక్కర్ ఫ్యాక్టరీల చేసినోడు, నాలిక మస్తు హుషారు. 'తీపి తక్కువైంది, పాలు మరిచినవ్, పైంగ కొత్తిమీర ఎందుకేసినవ్ ఆపా' అని వాపస్ పంపిండు."

"కొత్తిమీరా! మిగిలిన ఐదో అమ్మా?"

"మూత తీసి చూస్తె లోపల చెట్లు! మిఠాయిల చెట్లు మొలిస్తే ఎవరు తింటరు మేడంసాబ్? పాడైందనుకున్న. జిగురంత కడిగేసిన."

"మొక్కలు పారేసినవా అమ్మీ?"

"పానమున్నదాన్ని పారేస్తరా? కొబ్బరి పీచుల చుట్టి వాకిట్ల మామిడిచెట్టుకు కట్టిన."

"అయిపాయె నజియా. రెండు దినాలల్ల ఎండుతయ్. మనం గూడ గట్లనే కట్టినం, ఒక్కటి దక్కలె."

"ఎందుకెండుతయ్ మేడంసాబ్? మా నల్లా గా చెట్టు కిందనే. నమాజ్‌కు ముంగట ఇంటిల్లిపాది వజూకు ఆడనే కాళ్లు చేతులు కడుక్కుంటం. దినానికి ఐదుమార్లు దానికి తడి తగుల్తనే ఉంటది. పోయిన రంజాన్‌ల కట్టిన మొక్క బెత్తెడైంది, మీకు నజియా చెప్పలేదా?"

"పోయిన రంజాన్‌లనా?"

"అవ్. గప్పుడు గూడ ఒక సీసా ఇంటికి తెచ్చింది. వేర్లు చెట్టును ఎట్ల పట్టినయంటే, గుంజినా ఊడదు."

"నజియా... పోయినేడు సీసా పలిగిపోయిందన్నవ్."

"అడగకుండ ఇంటికి తీస్కపోయినని తెలిస్తే మీరు తిడతరని, మేడం... అగో, సార్ కారొచ్చింది! పోయి తోల్కరావాల్నా?"

"వద్దు. కారు దిగొద్దని చెప్పు. అందరం బోధన్ పోతున్నం."