అచ్చియమ్మ తరవాణి

బట్టీయా? మా ఇంట్లో సారా బట్టీ ఉందని ఎవరన్నారు బాబూ మీతో? కనకమేనా? ఆ గోడవతలి కనకమేనా? అచ్ఛా! మీరు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నారేటి. టీవీలో బొమ్మ పోయిందని దాని ఏడుపు.

ఆదివారం పొద్దున్న రైల్వే కాలనీ అంతా దేవుడి సీరియల్ కోసం టీవీ ముందు చేతులు జోడించుకుని కూర్చుంటాది గదా. ఈవేళ సరిగ్గా అప్పుడే మా పెరట్లో ఒక సీసా బిరడా ఢామ్మని ఎగిరి, గోడ దాటి, దాని యాంటెన్నాకి తగిలినాది. బొమ్మ పోయి చుక్కలొచ్చినాయి. అంతే బాబూ జరిగింది. దానికి ఆబ్కారీ ఆఫీసుకి పరిగెత్తాలేటి?

కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతాది. ఇటు కూర్చోండి. మీరు లోకో షెడ్డు సత్యనారాయణ గారి అబ్బాయి గదా, రాజేంద్ర? నిక్కరేసుకుని మా జామచెట్టెక్కినప్పుడు నువ్వు నువ్వనేదాన్ని. ఇప్పుడేటనాలో తెలీడం లేదు. నెత్తిమీద ఆ టోపీ ఉన్నంతసేపూ మీరే అంటాను, సరేనా?

నా తెలుగు అర్థమవుతాది గదా? ఈ హిందీ ఊళ్ళో పుట్టి పెరిగినారు, చదవడం రాకపోతే పోనీండి. వినడానికి చదువెందుకు.

అదిగో, ఆ మూల నిలబడ్డారే, ఆయనే మా ఆయన. అప్పారావు గారు, గూడ్సు గార్డు. ఊపిరాడ్డం లేదు పాపం. మీరా కాయితం మీద సారా అని ఒక్క ముక్క రాస్తే రేపు ఆయన సస్పెండు. ఉద్యోగం, ఈ క్వార్టరు, రెండూ పోతాయి. ఇటు కూర్చున్న పెద్దమనుషులు ఆయన స్నేహితులు. జానకిరామ్ గారిది బ్యాంకు. రమణబాబు గారు బొగ్గు కంపెనీలో ఇంజనీరు.

తాగుబోతులనుకుంటున్నారా? ఛ! తాగుబోతులైతే ఎంత బాగుణ్ను. తాగి పడుకునేవారు. వీళ్ళు రుచి చూసేవాళ్ళు బాబూ!

వారానికొకరు తమ చేతి సరుకు తేవాలి. షాపులో బీరు పేరెత్తితే మొహం తిప్పుకుంటారు. ఫ్యాక్టరీ నీళ్ళట. జానకిరామ్ గారు లోన్లివ్వడానికి ఊళ్ళు తిరుగుతారు గదా, ఎక్కడెక్కడో బియ్యం పులవబెట్టి చేసిన హండియా మోసుకొస్తారు. రమణబాబు గారు నేరేడు పళ్ళూ, బేకరీ వాడి దగ్గర ఈస్టూ కలిపి, జాడీ మంచం కింద పెట్టుకుని దానిమీదే పడుకుంటారు.

ఇక్కడ చేరి గ్లాసు వెలుగులోకెత్తి చూస్తారు. వాసన చూస్తారు. నోట్లో పోసుకుని పుక్కిలించి, మింగి, కళ్ళు మూసుకుంటారు. "వెనకాల చిన్న పులుపుందండీ" అంటారొకరు. "ఉంది గానీ తొందరపడ్డం లేదండీ" అంటారింకొకరు.

పులుపు తొందరపడ్డమేటి బాబూ? మీరెప్పుడైనా విన్నారా?

సరే, మా ఆయన వంతొచ్చినాది. గోల్ బజార్ నుంచి బార్లీ మోసుకొచ్చి నా బిందెలో నానబెట్టినారు. బూజు పట్టినాది. పారబోస్తే ఎలకలు కూడా ముట్టలేదు. అప్పటికే వీళ్ళతో కోతలు కోసీసినారు, పాలకొండలో మా తాతలనాటి తయారీ ఒకటుంది, ఆదివారం రుచి చూపిస్తాననీసి. శుక్రవారం డ్యూటీ దిగొచ్చి నా కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "ఏదో ఒకటి చెయ్యవే అచ్చియమ్మా, పరువు పోతాది" అని.

నేనేటి చేస్తాను? నా దగ్గరున్నది...

ఏటండీ, అలా కళ్ళెర్రజేస్తారు? దాస్తే జైలు. చెప్తే పరువు తక్కువ. ఏది కావాలో మీరే తేల్చుకోండి. ఆ చూపు చూసినారా బాబూ? జైలే కావాలంటున్నారాయన!

ఆయన మాటకేం గానీ, నేను చెప్పీస్తాను. నా దగ్గరున్నది తరవాణి కుండ. బియ్యం కడుగూ గంజీ పోసి పులవబెడతామే, అది. మీ నాయనమ్మా చేసేది. ఇక్కడోళ్ళు బాసీ తినరా, అలాంటిదే. ఎండలకి సల్ది అన్నంలో పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటే ప్రాణం లేచొస్తాది. ఆ కుండ మా అత్తగారు లక్ష్మీనరసమ్మ గారు పాలకొండ నుంచి బస్సూ రైలూ మారి ఒళ్ళో పెట్టుకుని తెచ్చినది. ఈయనైతే గార్డయ్యాక దాన్ని ముట్టుకోలేదు. వాసనట! ఎవరైనా వస్తే గోనె కప్పీమంటారు.

ఆ కుండలో తేటే వడగట్టినాను. బెల్లం వేసినాను, అల్లం దంచి వేసినాను. ఖాళీ సీసాల్లో పోసి, బిరడాలు బిగించి, పురికోస కట్టి నీడన పెట్టినాను. ఆదివారం విప్పితే నురగ పొంగి ఈయన చొక్కా తడిసినాది.

నేను కర్టెన్ వెనకాలే ఉన్నాను. వింటన్నాను, ఎందుకు దాచాలి. జానకిరామ్ గారు రెండోసారి గ్లాసు చాపినారు. రమణబాబు గారు, "అప్పారావు గారూ, దీని ముందు మేం తెచ్చినవన్నీ దగ్గు మందులండీ" అన్నారు.  పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నా వంటకి అంత మాట ఎవరన్నారు?

మా ఆయన ఏటన్నారో తెలుసా? "మా తాతగారి చెయ్యి నాకొచ్చిందండీ" అన్నారు. తాతగారు! ఈయన పొయ్యి ఏ మూలుందో కూడా ఎరగరు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మా వంతే.

నమ్మకం లేదా? తాగి చూడండి. డ్యూటీలో తాగకూడదా? గంజి తాగకూడదని ఏ రూల్లో ఉన్నాది బాబూ? పోనీ, ఆ టోపీ తీసి బల్లమీద పెట్టండి.

ఆఁ, ఇప్పుడు నువ్వనొచ్చు. తాగు నాయనా. మెల్లిగా. చల్లగా ఉన్నాదా? కుండ పక్కనే ఇసకలో పెడతాను మరి. ఎలాగుంది? అదేటి, నువ్వూ కళ్ళు మూసుకున్నావు! నాయనమ్మ గుర్తొచ్చిందా? చెప్పలేదేటి నేను?

రా, వంటింట్లోకొచ్చి నీ చేత్తో కుండ మూత తీసి చూసుకో. గంజే గదా? బట్టీ ఉందా? గొట్టాలున్నాయా? లేవు గదా.

జానకిరామ్ గారూ, గ్లాసలా కింద పెట్టీసినారేటండీ? పోయిన వారం దాకా తొందరపడని పులుపు గదా? గంజి అనగానే తొందరొచ్చిందేటి? రమణబాబు గారిని చూడు, కిటికీలోంచి ఆకాశం చూస్తన్నారు. మా ఆయనైతే పీటమీద కూలబడ్డారు. ఉద్యోగం దక్కినందుకు ఇంత దిగులు పడిన మనిషిని ఎక్కడా చూళ్ళేదు నేను.

రాయవా? ఒట్టు? చల్లగా ఉండు నాయనా. నీ కడుపు చల్లగా ఉండ. ఏడుపొస్తన్నాది నాకు.

టోపీ పెట్టుకున్నారా? సరే, వెళ్ళి రండి బాబూ. అమ్మగారిని అడిగినట్టు చెప్పండి.

ఏటీ? ఆయన్తో ఏటన్నారు? మళ్ళీ అనండి. "క్యా హాథ్ హై, అప్పారావు జీ"? ఆహా ఏం చెయ్యి అనా? ఎవరి హాథ్ బాబూ? నేనింతసేపూ ఏటి చెప్పినాను, మీరేటి విన్నారు?

ఓలమ్మ! ఈయన్ని చూడండి. లేచి నిలబడిపోయినారు! భుజం తట్టించుకుంటన్నారు! "మామూలు గంజేనండీ, దాన్నెలా నడపాలో మా ఇంటి పద్ధతొకటుంది, నేను దగ్గరుండి చేయిస్తాను" అంటన్నారు. జానకిరామ్ గారు మళ్ళీ గ్లాసందుకున్నారు! గంజితో ఇంత పని చేసినాడా అప్పారావు అని తలూపుతన్నారు!

ఆగండి బాబూ. గుమ్మం దాటకండి.

నీళ్ళ తొట్టి వెనకాల తడి గోనె కింద నాలుగు సీసాలున్నాయి. అవి గంజి కాదు. ఇప్పపువ్వు. మహువా. ఆఁ, ఇప్పుడు మొహం మారినాదేటి? గతౌరా ఊరి నుంచి కూరలు తెచ్చే ఆవిడ పువ్వు కొంగులో కట్టి తెచ్చిస్తాది, పులవబెట్టేది నేను. ఈవేళ పేలింది వాటి జతదే. తరవాణి సీసాది కాదు. తరవాణి బిరడా యాంటెన్నా దాకా ఎగురుతాదా? అది ఆలోచించలేదు మీ ఆబ్కారీ ఆఫీసు.

ఈయనకి తెలీదు. వీళ్ళెవరికీ తెలీదు. వీళ్ళ కోసం చేసినది కాదది. ఈయన డ్యూటీకి వెళ్ళినాక, మధ్యాహ్నం, పెరటి గుమ్మంలో కూర్చుని ఒక్క గ్లాసు పోసుకుంటాను. నేనూ వెలుగులోకెత్తి చూస్తాను. నేనూ పుక్కిలిస్తాను. మొదటిసారిది మరీ తీపైపోయినాది. రెండోసారి పువ్వు తగ్గించి, కాస్త దోరగా వేయించి వేసినాను. అబ్బ, బాబూ! ఆ వేయించిన వాసన మింగినాక వస్తాది, నోట్లో ఉండగా రాదు. రమణబాబు గారి నేరేడుకి ఆ గుణం లేదు. జానకిరామ్ గారి హండియా ఉత్త పల్చన. కర్టెన్ వెనకాల మిగిలిన గ్లాసులు కడిగేదాన్ని నేనే గదా, అన్నీ రుచి చూసినాను.

నా దాని సంగతి చెప్పుకోడానికే నాకెవరూ లేరు. ఎవరితో చెప్పను? కనకంతోనా?

ఏటండీ ఆ అరుపులు? కూర్చోండి. మీ పరువు మీ తాతగారు చూసుకుంటారు లెండి. కేసు నామీద పడతాది, నాకు సస్పెండు చెయ్యడానికి ఉద్యోగమేదీ? క్వార్టరు పోతే పోతాది. ఊరవతల సిర్గిట్టిలో గది చూసుకుందాం. కుండ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళడం మన ఇంటికి కొత్తా?

తియ్యండి బాబూ కాయితం. తయారు చేసినది అచ్చియమ్మ. అలాగే రాయండి, ముందు నా పేరు. అప్పారావు గారి భార్య అన్నది కింద రాసుకోండి, జాగా మిగిలితే.

పెన్ను ఆగిపోయినాదేటి?

రుచి చూడకుండా ఎలా రాస్తారు లెండి, అదీ నిజమే. ఉండండి, గ్లాసు తెస్తాను. నేరమో కాదో తర్వాత తేలుతాది. ముందు ఆ వేయించిన వాసన నీకూ వచ్చిందో లేదో చెప్పు.

టోపీ తియ్యి నాయనా.