మంగతాయి పాడిన పరాయి పాట

మంగతాయని ఒక పిల్ల ఉండేదంట. ఏటి ఒడ్డునుండే పేరమ్మగారి దగ్గర పాటలు నేర్చుకునేది. ఆ బడి ఎలాంటిదనుకున్నారు, అక్కడ పాడితే పాటలో ఉన్నది కళ్లెదటికి వచ్చేసేదంట. వానంటే వాన, వెన్నెలంటే వెన్నెల. చదువైన పిల్ల సొంతంగా ఒక పాట కట్టి ఊరందరి ముందూ పాడాలి. పాడితే పేరమ్మగారు పాటకి తను వాయించే తాళాలు చేతికిచ్చి, ఇక నువ్వూ పదిమందికి నేర్పుకోవే అనేవారు. ఆ తాళాల కోసం మంగతాయి కలవరించేదనుకో. కానీ ఎంత కూచున్నా పాట కుదరదే. తోటి పిల్ల నూకాలేమో గిన్నెలు తోముకుంటా కూడా పడవ పాటొకటి కట్టేసుకుంటోంది. మంగతాయి తలుపు చాటున నిలబడి, విన్నంతవరకూ నోటికి పట్టేసింది. ఏమైందంటే, పాడాల్సిన రోజుకి నూకాలికి జ్వరమొచ్చి ఇంటికాడే ఉండిపోయింది. ఇంకేముంది, సందు దొరికింది. ఎవరిదే నువ్వు పాడబోయే పాట అని పేరమ్మగారు అడిగితే, నాదేనమ్మగారూ, నేనే కట్టాను అందంట మంగతాయి.

పాట ఎత్తుకుందో లేదో, వాకిట్లోకి ఏరు మెత్తగా వచ్చేసింది. మంచులోంచి పడవొకటి వచ్చి ఆగింది. కలలో నడిచినట్టు ఊరంతా లేచి ఎక్కేశారు, పేరమ్మగారు కూడా, చంటిదాన్నెత్తుకుని మంగతాయి తల్లి కూడా. నీళ్లలో మబ్బులు కదులుతున్నాయి. పడవ పోతా ఉంది, పోతా ఉంది, ఎంత హాయో. నడి ఏట్లోకెళ్లాక పడవవాడు గెడ పైకెత్తి, ఏ రేవుకమ్మా అన్నాడు. మంగతాయికేం తెలుసు? తను విన్నది అంతవరకే గదా. విన్నదే మళ్లీ పాడింది. పడవ గిర్రున తిరిగింది. మళ్లీ పాడింది. మళ్లీ తిరిగింది. అరువు సొమ్ములు బరువు చేటని ఊరికే అన్నారా. అడుగున నీళ్లూరుతున్నాయి. రేవు సంగతి పాట కట్టినవాళ్లకి తెలవాలి గానీ నాకేం తెలుసు అంటాడు పడవవాడు. వాళ్లమ్మ చంటిదాన్ని భుజం మీదికెత్తుకుని, చెప్పవే తల్లీ, ఏ రేవో చెప్పు అంటోంది. నిజం చెప్తే తాళాలు పోతాయి, చెప్పకపోతే వీళ్లంతా పోతారు. ఏడుపొచ్చేసింది పిల్లకి. ఈ పాట నాది కాదమ్మా, నూకాలిది, చాటుగా విని నాదని చెప్పాను, దీని కొస నాకు రాదు అని అందరూ వినేలా చెప్పేసింది. అంతే, పడవ తనంతట తనే మళ్లుకుని నూకాలి ఇంటి వెనక రేవుకి చేరిందంట. దుప్పటి కప్పుకుని గట్టు మీద కూచునుంది నూకాలు, కొస పాడుకుంటా. అడిగితే నేనే నేర్పేదాన్ని గదే అంది. ఆ మాటకి మంగతాయి ఇంకా ఏడిచింది.

పేరమ్మగారు తిట్టలేదు. తాళాలు మాత్రం నూకాలికిచ్చారు. మరుసటేడు మంగతాయి సొంతంగా ఒకటి కట్టింది. ఎంత పాటనుకున్నారు, రెండంటే రెండు ముక్కలు. పాడితే ఏరూ రాలేదు, పడవా రాలేదు. పిల్లకాలవొకటి వచ్చి పాదాలు తడిపి పోయింది. ఎక్కడికే పోతోంది ఇది అనడిగారు పేరమ్మగారు. మా చిక్కుడుపాదు మొదట్లోకమ్మగారూ అంది మంగతాయి, తడుముకోకుండా.

ఈ కథ నాది కాదర్రా, మా పెద్దత్త సూరమ్మది. ఆవిడ చెప్తుంటే వినేవాళ్లు తడుస్తాయని చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకునేవాళ్లు. నేను చెప్తే మీ కాళ్లకి చెమ్మన్నా తగిలిందో లేదో మరి.