చలికి ఊడిన ఉంగరం

జనవరి పొద్దున్న, బిలాస్‌పూర్ రైల్వే కాలనీ వెనక వీధిలో, కుళాయి పక్కన ఇద్దరు గొంతుకూర్చుని నేలంతా వెతుకుతున్నారు. ఒకరు పట్టాల తనిఖీ చేసి రిటైరైన కీమ్యాన్, రెండోవారు ఆయన బావమరిది.

“ఏటి బావా, ఇన్నేళ్ళూ కదలని ఉంగరం ఇయ్యాల ఎలాగ ఊడిపోనాది?”

“చలికి వేలు సన్నబడిపోనాదిరా. చన్నీళ్ళలో గిన్నెలు తోముతుంటే జారిపోనాది.”

“అచ్ఛా! చలికి పట్టాలు కుంచించుకుపోతాయని ముప్పై ఏళ్ళు అందరికీ పాఠం చెప్పినావు. నీ వేలు సంగతి తెలీదా?”

“అతుకు దగ్గర వెంట్రుకంత తేడా వస్తే పట్టుకున్నోణ్ణి. నా వేలు మీద నాకు డ్యూటీ ఎవుడేసినాడు?”

“పెళ్ళైన కాణ్ణుంచీ బిగుతు, బిగుతని మా నాన్నని తిట్టినావు.”

“తిట్టనా మరి? అల్లుడి వేలు కొలిచి, బంగారం తగ్గించినాడు పిసినారి.”

“అక్క పోయిన రోజున సబ్బు రాసి మరీ లాగినావు కదా?”

“దాని చేతికే తొడిగి పంపేద్దామనుకున్నాను. మే నెలరా అది. వేలు ఉబ్బిపోయి రాలేదు. అక్కడా నవ్వులపాలే.”

“ఇదిగో బావా! రాళ్ళ సందులో ఉంది. జేబులో వేసుకో.”

“జేబులో వద్దు. వేలికి తొడుగు.”

“ఇంత వదులైపోనాది, మళ్ళీ జారిపోతాది.”

“గుప్పిట మూసుకుని ఎండలో కూకుంటాను. నలభై ఏళ్ళు తిట్టిన బిగుతు, మధ్యాన్నానికైనా మళ్ళీ వస్తాదేమో.”