ముందు బొమ్మ

"ఒకటి, మెడ నలుపు పోవాలి. రెండు, కనుబొమ్మలు విడిపోవాలి. మూడు, ముక్కు సన్నబడాలి. నాలుగు, పళ్ళ సందు పూడాలి. ఐదు, గడ్డం మీద పుట్టుమచ్చ పోవాలి..."

"చాలక్కా."

"ఏం చాలు? ఇంకా మూడున్నాయి. ఆరు, నడుము పిడికిట్లో పట్టాలి. ఏడు, జుట్టు సాపు కావాలి. ఎనిమిది, అబ్బాయి వెనక్కి తిరిగి చూడాలి. పదకొండేళ్ళ పిల్ల లెక్కల నోట్‌బుక్కులో రాసుకునే మాటలేనా ఇవి?"

తలుపుకు ఇవతల అక్క, తమ్ముడు. అవతల అక్క కూతురు, గడియ పెట్టుకుని.

"ఎప్పట్నుంచి లోపలుంది?"

"నిన్న బడినుంచి వచ్చినప్పట్నుంచి. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. అంతకుముందు వారం రోజులుగా పళ్ళెంలో సగం వదిలేస్తోంది. పుట్టుమచ్చని గోటితో గీకీ గీకీ పుండు చేసుకుంది."

"తలుపు పగలగొడదామా?"

"పగలగొడితే తెరుచుకునేది తలుపేరా, అది కాదు."

"బళ్ళో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏదో ఫోన్లో ఆటట. ఆడపిల్లలంతా అదే ఆడతారట. మొదట ఒక అనాకారి పిల్ల బొమ్మ వస్తుంది. ఎనిమిది మెట్లలో దాన్ని అందగత్తెని చెయ్యాలి. ఒకపక్క ముందు బొమ్మ, ఇంకోపక్క తర్వాత బొమ్మ. ఆ ముందు బొమ్మ అచ్చం మన పిల్లేనని ఎవత్తో కనిపెట్టింది. అంతే, తరగతి తరగతంతా దీన్ని 'ముందు' అని పిలుస్తోంది. ముందూ, ఇలా రా. ముందూ, జరుగు. దీని స్నేహితురాలే వచ్చి చెప్పింది, తలొంచుకుని. అదీ పిలిచే ఉంటుంది."

"పిల్లలు... రెండ్రోజులకి మర్చిపోతారులే."

"నువ్వు చేసేదీ ఆటల ఆఫీసులోనేగా. ఎవడు గీశాడో కనుక్కోలేవా?"

"బోలెడు ఆఫీసులుంటాయక్కా."

"మగపిల్లలకీ ఉంటాయా, ఇలా ముక్కు చెక్కుకునే ఆటలు?"

"లేవు. వాళ్ళకి కార్లుంటాయి. గోడలు దూకడాలు."

"వాళ్ళు గోడలు దూకుతుంటే ఇది గోడకేసి మొహం పెట్టుకుని కూచోవాలి. బాగుంది. ఒరేయ్, మనింట్లో డిగ్రీ మొహం చూసింది నువ్వొక్కడివే. నాకు మాటలు చేతకావడం లేదు. నీ మాటైతే వింటుంది. చెప్పరా ఏదో ఒకటి."

"బంగారూ. నేనమ్మా, మామయ్యని. తలుపు తియ్యి."

"ఆట మొదట్లో పేర్లు పడతాయి మామయ్యా. గీసినవాళ్ళ పేర్లు. మూడోది నీది. ఇంటిపేరుతో సహా."

"ఏమంటోందిరా అది? కాదని చెప్పు."

"అక్కా..."

"కాదని చెప్పరా."

"నేనే గీశానక్కా."

"భుజాలమీద ఎక్కించుకుని తిప్పిన పిల్లని?"

"అనాకారి పిల్లని గియ్యమన్నారు. పద్నాలుగు గీశాను. ఒక్కటీ నచ్చలేదు మా టీమ్ లీడర్‌కి. ప్రాణమున్న పిల్లలా లేదంటాడు. చివరికి విసుగొచ్చి, నాకు ఇష్టమైన మొహం ఒకటి గీశాను. చెయ్యి కదలాలని, అంతే. పక్కన పెట్టేద్దామనుకున్నాను. ఆయన వెనకనుంచి చూసి చప్పట్లు కొట్టాడు. ఇదే, ఇంతకన్నా అనాకారి ఎక్కడా దొరకదు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"థాంక్స్ అన్నాను."

"నేనంటే ఇష్టమన్నావుగా మామయ్యా."

"ఇష్టమే బంగారూ. ప్రాణం. కానీ అది నువ్వు కాదు. ఆ బొమ్మ గీసి ఆరేళ్ళయింది. అప్పటికి నీకు పాలపళ్ళే ఊడలేదు. నువ్వే... నువ్వే పెరిగి పెరిగి ఆ మొహంలోకి వచ్చావు. రోజూ చూస్తూనే ఉన్నాను, రోజూ భయపడుతూనే ఉన్నాను."

"అబద్ధం. మరెవరు?"

"పదకొండేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ పనికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని బడికొచ్చేది. వాడు ఏడిస్తే పాఠం మధ్యలో లేచి బయట నిలబడేది. నిలబడీ నిలబడీ బడే మానేసింది, వాడు చదువుకుంటే చాలని. నాకు ఊహ తెలిశాక మొదట చూసిన మొహం అదే. అందంగా ఉంటుందా లేదా అని దాన్నెప్పుడూ చూళ్ళేదు నేను. అమ్మ మొహాన్ని అలా ఎవరు చూస్తారు? అక్కా, నన్ను తిట్టు. కొట్టు. అలా నిలబడకు."

"అమ్మా? అమ్మా, అది నువ్వా?"

"తలుపు తియ్యి తల్లీ."

"ఏడుస్తున్నావా? ఉండు, గడియ తీస్తున్నా. పట్టేసింది, ఉండు. ఏడవకమ్మా. నిన్ను కూడా బళ్ళో అలాగే పిలిచేవాళ్ళా?"

"లేదమ్మా. నేను అనాకారినని ఇవాళ్టిదాకా నాకు ఎవరూ చెప్పలేదు."