మళ్ళీ అడిగిన సిస్టరుగారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూన్ పన్నెండో తేదీ, సోమవారం ఉదయం, ఈ ఆసుపత్రి గర్భిణుల విభాగంలో సిస్టరుగారు ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆమె వయసు ఇరవై అయిదు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, చక్రం సరిగా తిరగని బరువు యంత్రం, గోడకు బీపీ యంత్రం ఉండేవి. గర్భిణులకు పరీక్షలు చేసే గురువారం వచ్చిందంటే వరుస మెట్లు దిగి సైకిళ్ళ షెడ్డు దాకా సాగేది.

మొదటి పదేళ్ళలో ఆమెకు మంచి పేరు తెచ్చింది ఆమె చేతిరాత. ముత్యాల్లాంటి అక్షరాలు, పైగా వేగం. అప్పట్లో ఈ విభాగంలో ఒక పద్ధతి ఉండేది. రెండో కాన్పుకో మూడో కాన్పుకో వచ్చిన స్త్రీకి కొత్త కార్డు రాసేటప్పుడు, మొదటి పేజీని పాత కార్డు చూసి దించేసేవారు. వరుస త్వరగా కదలాలి కదా. ఇతరులకు అయిదు నిమిషాలు పట్టే పని సిస్టరుగారు రెండు నిమిషాల్లో ముగించేవారు. అప్పటి పెద్ద డాక్టరుగారు ఆమె రాసిన కార్డును కొత్తగా చేరిన వారికి నమూనాగా చూపించేవారు.

పదకొండో ఏట జరిగినదాన్ని ఈ వీడ్కోలు సంచికలో రాయాలని సిస్టరుగారే పట్టుబట్టారు. అది రాయకపోతే సన్మానమే వద్దన్నారు. అందుకే రాస్తున్నాం.

ఒక దర్జీ భార్య ఆరేళ్ళ తర్వాత రెండో కాన్పుకు వచ్చింది. మొదటి కాన్పు సుఖంగా జరిగింది. పాత కార్డులో "రక్తసంబంధీకులలో ఎవరికైనా గర్భంతో ఉండగా బీపీ, గుర్రపువాతం (మూర్ఛలు) వచ్చాయా?" అన్న ప్రశ్న ఎదురుగా "లేదు" అని ఉంది. సిస్టరుగారు దాన్ని అందంగా దించారు. ఏడో నెలలో బీపీ కొంచెం పెరిగింది. కార్డు చూసినవారెవరికీ అందులో భయపడవలసినదేమీ కనబడలేదు. ఆ తర్వాత వచ్చిన తలనొప్పిని ఆమె ఎండ వల్ల వచ్చిందనుకుంది. మూడో రోజున మూర్ఛలతో తెచ్చారు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

నెల తర్వాత ఆమె తల్లి, ఆసుపత్రి కాగితాలేవో కావాలని వచ్చి, సిస్టరుగారి బల్ల ముందు కూర్చుంది.

"మా చిన్న కూతురూ ఇట్లాగే పోయిందమ్మా, రెండేళ్ళ కిందట. ఎనిమిదో నెలలో, మూర్ఛలొచ్చి."

"ఆ సంగతి మాకు చెప్పలేదేమమ్మా?"

"అడిగుంటే చెప్పేవాళ్ళం కదమ్మా. దాచుకునే మాటేముంది అందులో?"

సిస్టరుగారు పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళి, "నేను అడగలేదండీ, దించాను," అన్నారు. "అందరం చేసేదే కదా సిస్టర్, మీ ఒక్కరి తప్పు ఎట్లా అవుతుంది?" అన్నారాయన. ఆయన ఓదార్పుగానే అన్నారు. ఆ మాట ఆమెకు ఏ రోజూ ఓదార్పు కాలేదు.

ఆనాటి నుంచి ఆమె దించడం మానేశారు. వచ్చిన ప్రతి స్త్రీనీ, వచ్చిన ప్రతిసారీ, మొదటి నుంచి అడిగేవారు. ఇది తొలి చూలా? వయసెంత? వెనకటి కాన్పు అయి ఎన్నేళ్ళయింది? అప్పుడు బీపీ వచ్చిందా? చక్కెర జబ్బుగాని, మూత్రపిండాల జబ్బుగాని ఉందా? కడుపులో కవలలా? అమ్మకో, అక్కచెల్లెళ్ళకో ఇలాంటిదేమైనా జరిగిందా? జవాబు విన్న తర్వాత "మళ్ళీ చెప్పమ్మా" అనేవారు. అందువల్ల ఆమెకు "మళ్ళీ సిస్టరు" అన్న పేరు స్థిరపడింది. మొదటిసారి జనం మర్యాదకు చెప్తారనీ, రెండోసారి గుర్తు తెచ్చుకుని చెప్తారనీ ఆమె నమ్మకం.

ఒకసారి ఒక అత్తగారికి ఒళ్ళు మండింది.

"పోయిన గురువారం అడిగావు, ఇవాళా అడుగుతున్నావు. వారం రోజుల్లో మా వంశం మారిపోతుందా ఏమిటి?"

"మారుతుంది పెద్దమ్మా. ఈ వారంలో మీ ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే నాకెవరు చెప్తారు? ఇంతకీ మీకు కాన్పుల్లో బీపీ వచ్చిందా?"

"నాకెందుకు? కడుపుతో ఉన్నది నేనా?"

వరుసంతా నవ్వింది. ఆ పెద్దావిడా నవ్వింది. నవ్వాక, తన కూతురికి కాళ్ళూ మొహం వాచి నెల ముందే కాన్పయిందని చెప్పింది. "అది మీ వైపు సంగతి, రాసుకున్నాను. కోడలిది వాళ్ళ పుట్టింటివారు చెప్పాలి. రేపు వాళ్ళమ్మను పంపించండి," అన్నారు సిస్టరుగారు. మర్నాడు ఆ తల్లి వచ్చింది కూడా.

బస్సు డ్రైవరుగా పనిచేసిన ఆమె భర్తగారు ఇంటి సంగతి చెప్పారు: "అన్నం తిన్నావా అని రెండుసార్లు అడుగుతుందండీ. మొదటిసారి తిన్నానని అబద్ధమాడినా, రెండోసారికి దొరికిపోతాను."

ఇలా అడగడం వల్ల ప్రమాదం పోయిందని రాయడానికి లేదు. ముప్పు ఉందని తెలిసినవారికి డాక్టరుగారు ముందుగానే చిన్న మాత్ర మొదలుపెట్టేవారు, తరచుగా బీపీ చూసేవారు, తలనొప్పి వస్తే పరుగెత్తుకు రమ్మనేవారు. చాలామంది క్షేమంగా ఇళ్ళకు వెళ్ళారు. కాని ఏ ప్రశ్నకూ అవునని చెప్పనివారికి కూడా ఈ జబ్బు వచ్చింది. అవునని చెప్పినవారిలో కొందరు పని మానలేక మళ్ళీ పరీక్షలకు రాలేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో మరో ఏడుగురు పోయారు. ఏడుగురూ ఏ కుర్చీలో కూర్చుని ఏమన్నారో సిస్టరుగారికి తెలుసు.

గత సంవత్సరం విభాగానికి కంప్యూటరు వచ్చింది. రిజిస్ట్రేషన్ గుమస్తాగారు సంతోషంగా చూపించింది.

"నంబరు కొడితే చాలు మేడమ్, పాత వివరాలన్నీ అవే వచ్చేస్తాయి. మీ చేతికి శ్రమ తప్పింది."

సిస్టరుగారు తెర మీద రక్తసంబంధీకుల ప్రశ్న ఎదురుగా ఉన్న గడిని వేలితో చూపించారు. "ఈ ఒక్క గడిని ఖాళీగా రానివ్వమ్మా. ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు."

"నా చేతుల్లో లేదు మేడమ్. పైనుంచి ఇట్లాగే వచ్చింది."

ఆమె పై అధికారులకు మూడు ఉత్తరాలు రాశారు. ఒకదానికి జవాబు వచ్చింది. పరిశీలనలో ఉందట.

పదవీ విరమణకు ముందు చివరి గురువారం నూట నలభై మంది వచ్చారు. సిస్టరుగారు ఎప్పటిలాగే అడిగారు. తెర మీద "లేదు" అని ఉన్న ఒక టీచరు, రెండోసారి అడిగినప్పుడు, "మా అక్కకి పోయిన నెల ఫిట్స్ వచ్చాయి సిస్టర్. తను బతికింది. బిడ్డ పోయాడు," అంది. గుమస్తాగారు వెంటనే ఆ గడి మార్చింది. తర్వాత మెల్లగా అడిగింది, "మీరడిగారు కాబట్టి మార్చాను. వచ్చే గురువారం ఎవరడుగుతారు మేడమ్?"

సిస్టరుగారు పక్క బల్ల దగ్గరి జూనియరు సిస్టరు వైపు తిరిగారు. సిస్టరుగారు ఖాళీ చేసే పోస్టులో ఇంకా ఎవరినీ వెయ్యలేదు.

"అక్కా, మీతో అబద్ధం చెప్పలేను," అంది జూనియరు. "నావల్ల కాదు. మనిషికి నిమిషంన్నర ఉంటుంది. బీపీ చూడాలా, అడగాలా?"

"తర్వాతి వాళ్ళను పిలువు," అన్నారు సిస్టరుగారు.

ముప్పై అయిదేళ్ళ సేవ పూర్తి చేసుకుని ఈ నెల ముప్పయ్యో తేదీన ఆమె పదవీ విరమణ చేస్తున్నారు. శాలువా, జ్ఞాపిక, ఈ సంచిక సిద్ధం చేశాం. ఏం కావాలని అడిగినప్పుడు ఆమె కోరినది ఆ ఖాళీ గడి ఒక్కటే. అది ఇవ్వడం మా వల్ల కాలేదు. ఆమె అడగనివి మాత్రమే కోరుకోగలుగుతున్నాం: మంచి ఆరోగ్యం, కంటినిండా నిద్ర, భర్తగారితో, పిల్లలతో తీరికగా గడిచే నిండు నూరేళ్ళ జీవితం. అవైనా సిస్టరుగారికి దక్కాలి.