లాడ్జిలో కళ్ళద్దాలాయన

గ్వాటెమాలా కొండల్లో ఒక సంత ఊరు. శుక్రవారం, పట్టపగలు. వీధి నిండా జనం. చవక లాడ్జి ఇనప తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. తలుపు వెనక ఇద్దరే ఉన్నారు: లాడ్జి నడిపే ముసలావిడ, అందరూ డోన్యా, అంటే అమ్మగారూ, అని పిలిచే ఎలోదియా; పై జిల్లా నుంచి వచ్చి బస చేసిన కళ్ళద్దాల వ్యాపారి అవెలినో.

"కిటికీ దగ్గరికి పోవద్దన్నానా? ఇటు రా. గోడకు ఆనుకొని కూచో."

"ఎంతమంది ఉన్నారో చూద్దామని, డోన్యా."

"చూసి ఏం చేస్తావ్? సంతంతా ఇక్కడే ఉంది. కోళ్ళ బజారు ఖాళీ, దుప్పట్ల బజారు ఖాళీ."

"మిగతా గదులవాళ్ళు?"

"చర్చి గంట మోగగానే మూటలతో సహా పోయారు. గంట ఎందుకు మోగుతుందో వాళ్ళకి తెలుసు."

"వీళ్ళేమని అరుస్తున్నారు? మీ ఊరి భాష నాకు రాదు, స్పానిషే వచ్చు."

"రాకపోవడమే మంచిది."

"చెప్పండి డోన్యా."

"కళ్ళద్దాలవాణ్ణి బయటికి పంపమంటున్నారు."

"నేనేం చేశాను? బల్ల దగ్గర జనం మీదికొస్తుంటే పరిగెత్తుకొచ్చాను, ఎందుకో కూడా తెలీదు."

"అది నేనడగాలి. క్రితం నెల ఒక్క రాత్రి దిగావు. పొద్దున్నే లేచి దుప్పటి మడిచి పెట్టి వెళ్ళావు. నీ గురించి నాకు తెలిసింది అంతే. నిజం చెప్పు అవెలినో. ఆ పిల్లను ముట్టుకున్నావా లేదా?"

"ఏ పిల్లను?"

"ఐదేళ్ళది, ఎర్ర రవిక. దుప్పట్లమ్మే రుఫీనా కూతురు. పొద్దుట్నుంచి కనపడట్లేదు."

"ఓ. ఆ పిల్లా."

"చూశావా. తెలుసు నీకు."

"తెలియడమేంటి డోన్యా. నా బల్ల ముందు ఊరికే నించుని చూస్తోంది. నల్లద్దాలు తీసి దాని ముక్కు మీద పెట్టాను. జారిపోయాయి. మళ్ళీ పెట్టాను. నవ్వింది. అంతే."

"దాని మొహం పట్టుకున్నావట."

"పట్టుకోకపోతే అద్దాలు ఎలా నిలుస్తాయి?"

"గడ్డం పట్టుకొని కళ్ళలోకి చూశావట. కళ్ళు కొలుచుకున్నావట. పిల్లల కళ్ళు పీకి రాజధానిలో అమ్ముకునేవాళ్ళున్నారని ఎప్పట్నుంచో ఒక పుకారు ఉండనే ఉంది. దానికి నువ్వు సరిగ్గా సరిపోయావు."

"ఎవరన్నారు ఆ మాట?"

"సంతలో మాట ఎవరిదని చెప్తాం నాయనా. ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి."

"పోలీసులకు ఫోన్ చేశారా?"

"చేశా. ఎత్తట్లేదు. గంట మోగిందంటే వాళ్ళు ముందు తమ తలుపుకే తాళం వేసుకుంటారు. క్రితంసారి కూడా అంతే."

"క్రితంసారి ఏంటి?"

"ఏం లేదు."

"క్రితంసారి ఏమైంది డోన్యా?"

"గొర్రెల దొంగ అన్నారు ఒకణ్ణి. నీళ్ళు తాగుతావా?"

"వాడికేమైంది?"

"నీళ్ళు తాగు నాయనా."

"ఎవరో తలుపు కొడుతున్నారు."

"వినపడింది. నువ్వు మాట్లాడకు. ఎవరది?"

"నేనే వదినా, మాకారియోని. తలుపు తియ్."

"ఒక్కడివే ఉన్నావా?"

"నా వెనక ఊరుంది. ఈ ఏడు ఊరి పెద్దరికం నా నెత్తిన పడింది, నీకు తెలుసుగా. ఇంతసేపు వీళ్ళని ఆపింది నేనే. ఇంక నా వల్ల కాదు. అతన్ని పంపు."

"ఎవర్ని?"

"వదినా."

"నా గడప లోపల దిగినవాణ్ణి..."

"ఆ మాట నాకు చెప్తే వింటాను. వాళ్ళు వినరు. పెట్రోలు తెచ్చారు. నీ తలుపు ఇనపదే, మేడ మాత్రం చెక్కది. తర్వాత నన్ననొద్దు."

"అందరికంటే గట్టిగా అరుస్తున్నాడే, ఎవడు వాడు?"

"పిల్ల తండ్రి, బాసీలియో. గుండెలు బాదుకుంటున్నాడు పాపం. తల్లి మాత్రం నోరు విప్పట్లేదు. రాయిలా కూచుంది."

"కాస్త ఆగు. అతను పై గదిలో ఉన్నాడు. మాట్లాడి నేనే తీసుకొస్తా."

"గంట ఇంకోసారి మోగేలోపు తీసుకురా. మోగాక నా చేతిలో ఏం ఉండదు."

"డోన్యా. నన్ను పంపించేస్తారా?"

"మెల్లగా మాట్లాడు. పైకి పో. మేడ మీద దుప్పట్లు ఆరేశాను, వాటి వెనకే నీళ్ళ తొట్టి. అక్కడ గోడ పొట్టిగా ఉంటుంది. అవతల రొట్టెల కొట్టు కప్పు. దూకగలవా?"

"ఎత్తెంత ఉంటుంది?"

"పెట్రోలు వాసన ముక్కుకు తగిలితే ఎత్తు గుర్తురాదు. పో. సామాను వద్దు. పో."

"పోతున్నాను డోన్యా."

"మళ్ళీ దిగొచ్చావేం? దూకమంటే..."

"డోన్యా, పైన..."

"ఏంటి పైన? రొట్టెల కొట్టు వైపు కూడా చేరారా?"

"పిల్ల ఉంది."

"ఏ పిల్ల?"

"ఆ పిల్లే. ఎర్ర రవిక. తొట్టి వెనక దుప్పటి కప్పుకొని కూచుంది. నన్ను చూసి మాట్లాడొద్దని నోటి మీద వేలు పెట్టుకుంది. డోన్యా, నన్నలా చూడకండి."

"నువ్వే తెచ్చావు."

"దేవుడి తోడు..."

"నా ఇంట్లోకి, నా దుప్పట్ల కిందికి నువ్వే తెచ్చి దాచావు. నేనిక్కడ నీ కోసం తలుపుకు అడ్డంగా నించుంటే."

"నేనే తెచ్చుంటే మీకెందుకు చెప్తాను? గోడ దూకి నా దారిన పోయేవాణ్ణి కదా. దూకబోయాను కూడా. పిల్లని చూసి వెనక్కొచ్చాను."

"నడు. నా ముందు నడు. వెనక రావొద్దు."

"నడుస్తున్నాను. అదిగో, ఆ బూడిద రంగు దుప్పటి కింద."

"తల్లీ, భయపడకు. నేను లాడ్జి అవ్వను. నీ పేరేంటమ్మా?"

"తలీన్."

"మన భాషలోనే చెప్పు తలీన్, ఈయనకు అర్థం కాదు. నిన్నిక్కడికి ఎవరు తెచ్చారు? ఈయనేనా?"

"కాదు. ఈయన అద్దాలాయన. అమ్మ తెచ్చింది."

"అమ్మా? ఎటు నుంచి?"

"రొట్టెల కొట్టు మీంచి ఎక్కించింది. నేనొచ్చేదాకా కదలొద్దంది. నాన్న గొంతు వినపడితే ఊపిరి కూడా తీయొద్దంది."

"నాన్నంటే, కింద అరుస్తున్నాడే, ఆయనా?"

"అవ్వా, గట్టిగా మాట్లాడొద్దు."

"సరే. సరేనమ్మా. నీ మెడ మీద ఏంటది? ఇలా తిరుగు. కొంచెం దుప్పటి తీస్తా... అయ్యో దేవుడా."

"ఏమంటోంది డోన్యా? ఏమైంది?"

"ఇటు రా. నువ్వే చూడు. వీపంతా కాల్చాడు. ఇవి మానిపోయినవి. ఇదింకా పచ్చిగానే ఉంది."

"ఎవరు?"

"కింద గుండెలు బాదుకుంటున్న ఆ తండ్రి. తల్లి వాడికి దొరక్కుండా దీన్నిక్కడ దాచింది. నాయనా, నిన్ను పాపిష్టివాడివని అనుకున్నాను."

"అదిప్పుడెందుకు. పిల్ల దొరికిందని చెప్పేద్దాం."

"ఎక్కడ దొరికిందని చెప్తాం? కళ్ళద్దాలవాడు దిగిన లాడ్జిలో, దుప్పటి కింద దొరికిందనా? ఆ మాట పూర్తయ్యేలోపే నిన్ను వీధిలోకి ఈడుస్తారు. తర్వాత నన్ను."

"గోడ మీంచి నేనే తీసుకుపోనా?"

"పిల్లని చంకనేసుకొనా? అప్పుడు నిజంగానే పిల్లల దొంగవవుతావు."

"మరైతే..."

"మరైతే ఏంటి? చెప్పు."

"ఏం లేదు."

"తండ్రికి అప్పగించేద్దామని కదూ? వాడు ఎత్తుకొని పోతాడు, ఊరు చల్లారుతుంది, నువ్వు బతుకుతావు, నా లాడ్జి మిగులుతుంది."

"నోటిదాకా వచ్చింది డోన్యా."

"నాక్కూడా వచ్చింది. అది మన మొహాలే చూస్తోంది, చూడు. భాష రాకపోయినా దీనికి అర్థమవుతోంది."

"అయితే ఏం చేద్దాం?"

"విను, మాకారియోని లోపలికి పిలుస్తా. వాణ్ణీ, తల్లినీ. ఇద్దర్నే."

"ఆయన మన మాట నమ్ముతాడా?"

"తెలీదు. తలుపు తీశాక తెలుస్తుంది. నువ్విక్కడే ఉండు. పిల్ల పక్కన కాదు, ఆ మూలకి పో. వచ్చేవాడి కంటికి చేతులు ఖాళీగా కనపడాలి."

"డోన్యా, తలుపు తీసినప్పుడు వాళ్ళంతా తోసుకొస్తే?"

"అప్పుడు దూకు. నా కోసం చూడకు."

"సరే. మీరు మెట్లు దిగండి."

"మాకారియో, అక్కడే ఉన్నావా? విను. నువ్వూ పిల్ల తల్లీ లోపలికి రండి. ఇంకెవరూ వద్దు."

"బాసీలియో తానూ వస్తానంటున్నాడు."

"వాడొస్తే తలుపు తీయను."

"ఎందుకని?"

"నా మొగుడి శవపేటిక మోసినవాడివి నువ్వు. ఈ ఒక్కసారి ఎందుకని అడక్కుండా రా."

"జరగండి. జరగండయ్యా, ఆడమనిషి లోపలికి పోతోంది. నువ్వాగు బాసీలియో, నేను వెళ్తున్నాగా. చెయ్యి తియ్. చెయ్యి తియ్, తలుపులో పడుతుంది. వదినా, వెయ్, గడియ వెయ్."

"వేశాను. పైకి నడవండి. అమ్మాయ్, ఏడవకు. నీ పిల్ల పైనే ఉంది."

"తలీన్. తలీన్, నేనే."

"అమ్మా, ఊపిరి తీసుకోవచ్చా?"

"తీసుకో నా తల్లీ. తీసుకో."

"వదినా, ఏంటిదంతా? పిల్ల ఇక్కడే ఉంది. వీడూ ఇక్కడే ఉన్నాడు. ఇంకేం చూడమని పిలిచావు నన్ను?"

"దాని వీపు చూడు మాకారియో. ముందు చూడు. తర్వాత నీ ఇష్టం."

"ఇటు తిరుగు తల్లీ."

"చూశావా?"

"చూశాను. కప్పేయ్. రుఫీనా, ఇది బాసీలియో పనేనా? పిల్లని దాచింది నువ్వేనా?"

"నేనేనయ్యా. వాడి నుంచి పారిపోయి వచ్చాం. ఇవాళ మా అన్న లారీ వస్తుంది, దాంట్లో పోదామనుకున్నాం. సంతలో దూరం నుంచే వాడి టోపీ చూశాను. పిల్లని కప్పు మీంచి ఇటు ఎక్కించాను. మూట తీసుకుందామని వెనక్కి పోతే దొరికిపోయాను."

"ఆ మాట అక్కడే అనాల్సింది కదమ్మా."

"ఎవరితో? వాడు కన్నతండ్రి. మొగుడూ పెళ్ళాల గొడవని పక్కకి తప్పుకునేవాళ్ళు మీరంతా."

"ఇప్పుడే వెళ్తాను. వాడి బాగోతం అందరికీ చెప్తాను. తెచ్చిన పెట్రోలు వాడి మీదే..."

"వద్దు మాకారియో."

"ఎందుకొద్దు?"

"ఇంకొకణ్ణి తగలబెట్టించడానికి నేను తలుపు తీయలేదు. ఇది వాడి కన్నబిడ్డ, అన్నీ వింటోంది."

"మరేం చెప్పమంటావు?"

"ఆడుకుంటూ మేడెక్కి దుప్పట్లలో నిద్రపోయిందని చెప్పు. ముసల్దానికి కళ్ళు కనపడవు, చూసుకోలేదని చెప్పు. తిడితే నన్నే తిడతారు."

"బాసీలియో పిల్లని ఇమ్మంటాడు."

"పిల్లకి జ్వరం, తల్లి దగ్గర పడుకుందని చెప్పు. దొరికిందన్న సంతోషం పేరు చెప్పి వాడికి సారా పోయించు. రుఫీనా వాళ్ళన్న లారీ వస్తుందంటోంది కదా. అది వచ్చేదాకా వాణ్ణి నీ పక్కనుంచి లేవనివ్వకు."

"చేస్తాను. రేపటి సంగతి మాత్రం నేను చెప్పలేను వదినా."

"ఇవాళ్టిది చెయ్. పోయి చెప్పు, గంట తాడు దగ్గర ఎవరో నించున్నారు."

"డోన్యా, ఆయన మెట్లు దిగుతూ నా వైపు చూడనైనా లేదు. ఏమంటారిప్పుడు బయట?"

"ఆగు, విననీ. చెప్తున్నాడు. ఎవరో నన్ను తిట్టారు. మంచిదే. ఇదిగో, ఎవరో నవ్వారు. నవ్వారంటే సగం గండం గడిచినట్టే."

"తండ్రి?"

"భుజం మీద చెయ్యేసి తీసుకుపోతున్నారు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. కోళ్ళవాళ్ళు కదిలారు. మొక్కజొన్న జావ ఆవిడ అప్పుడే కేక మొదలుపెట్టింది."

"పెట్రోలు డబ్బా పట్టుకున్నవాడు?"

"జావ కొనుక్కుంటున్నాడు."

"నేను ఇంటికి వెళ్ళిపోతాను డోన్యా."

"వెళ్దువుగాని. వెనక దారి చూపిస్తాను. ముందు నీ పెట్టె తెస్తా, ఇక్కడే కూచో. అమ్మాయ్ రుఫీనా, ఈయనకో దుప్పటి కప్పు. పక్క మేడల నుంచి ఎవరికీ కనపడకూడదు."

"అయ్యా, ఇది కప్పుకోండి. నాకు స్పానిష్ కొంచెమే వచ్చు. మెల్లగా చెప్తాను."

"నాకేం చెప్పక్కర్లేదమ్మా. పిల్ల క్షేమం, అదే చాలు. నాకూ ఇద్దరున్నారు."

"చెప్పాలి."

"ఎవరో నోరు జారారు, జనం దాన్ని పట్టుకున్నారు. మధ్యలో మీరేం చేస్తారు."

"ఎవరో కాదు."

"ఏంటి?"

"బాసీలియో నా జుట్టు పట్టుకొని పిల్లేదన్నాడు. ఎవరో ఎత్తుకుపోయారన్నాను. ఎవరో చెప్పమన్నాడు. ఎదురుగా మీ బల్ల ఉంది. మీరు అద్దాలు తుడుచుకుంటున్నారు. చెయ్యెత్తి చూపించాను."

"నన్ను కాల్చేసేవాళ్ళమ్మా."

"తెలుసు."

"తెలిసే చూపించారా?"

"తెలిసే. ఈ ఊరివాళ్ళలో ఎవర్ని చూపించినా వాళ్ళ తరఫున పదిమంది వస్తారు. మీకెవరూ లేరు."

"దాన్ని నవ్వించాను కదమ్మా నేను."

"చూశాను. చాన్నాళ్ళకి నవ్వింది."

"నేనెవరో, నా ఊరేదో, నా పేరేంటో కూడా తెలీదు మీకు. నా పేరు..."

"వద్దు, చెప్పకండి. పేరు తెలిసినవాణ్ణి వేలెత్తి చూపలేను. మీరూ నేనూ సంతలు తిరిగేవాళ్ళమే. బాసీలియో మళ్ళీ వస్తాడు, అప్పుడు చూపించడానికి నాకు ఎవరో ఒకరు కావాలి."