ఎన్నాళ్ళు పడినావు

ఆ ఫ్యాను కిందికి జరుగు తల్లీ, ఆ మూల గాలి తగలదు. అది కూడా నా మాదిరే, తిరగతా ఉంటాది గానీ పని జరగదు. పేరేమంటివి, ధాత్రి. మింజూరు. ఇంట్లో తెలుగు, చదివేది అరవం, ఉద్యోగం యూనివర్సిటీలో. దెబ్బలు తగలకుండా, కొట్లాటలు కాకుండా చూసే చదువు ఒకటుండాదని చెప్తే మా టీ అంగట్లో నవ్వతారు. నేను నవ్వను. ముప్పై ఏండ్ల నాడే ఆ చదువు ఈ వాకిట్లో కూచోని మజ్జిగ తాగింది. సరే, సరసక్క గురించి చెప్పమంటివి. అడిగేది సరసక్క గురించి, చూసేది ఆ కాగితం పక్క. తెలస్తా ఉండాది లే. కవరులోనుంచి తీసి ఒళ్ళో పెట్టుకోనుండావు గదా, పసుపు పట్టిపొయ్యింది, నలభై ఒకటో ఇల్లు, దేవకి, మొగుడు వెంకటపతి, ఎడమచెయ్యి మణికట్టు విరిగింది, కారణం గుడ్డలుతికే రాయి మీద జారి పడింది. ఆ రాత నాదే. కింద సరసక్క సంతకం ఉండాల్సిన చోటు ఖాళీ. ఊర్లో అన్ని కాగితాలకూ సంతకం పెట్టి దీనికి మాత్రం ఎందుకు పెట్టలేదు, ఇది నిజమా కాదా, అది తేల్చుకోను వచ్చినావు. తేలకపోతే దీన్ని పక్కన పడేసి మిగతావాటితో పుస్తకం ఏస్తారు. వచ్చే నెల తిరువళ్ళూరు ట్రైనింగులో అందరికీ ఆ పుస్తకమే ఇస్తారంట. మా మనవరాలు తనుశ్రీ కూడా ఆ ట్రైనింగుకే వస్తా ఉండాది. పేర్లు ఏయము తాతా అంటివి. పేర్లు ఎందుకు తల్లీ, రాయి ఏస్తారు గదా, మణికట్టు ఏస్తారు గదా, మా తనుశ్రీకి అర్థమయ్యేదానికి అవి చాలు. చెప్తా. దేవకి లేదు, సరసక్క లేదు, చెప్పేదానికి నేనొకణ్ణే మిగిలినా. ముందు ఆ మజ్జిగ తాగు.

సరసక్క అంటే మా వీధిలో చివరింటామె. సరసమ్మ. నాకంటే తొమ్మిదేండ్లు పెద్ద, పోయి ఇరవై ఏండ్లు దాటింది. చదివింది మూడో క్లాసు, నడిచేది మాత్రం కలెక్టరు మాదిరి. కొప్పులో పెన్సిలు గుచ్చుకోని, చంకకు గుడ్డసంచి ఏసుకోని. ఇప్పుడు కూడా వస్తాది, తెలుసునా. మద్యాన్నం అన్నం తిని ఈ మంచం మీద ఒరిగితే చాలు, కండ్లు మూసీ మూయకుండానే వీధి పొడుగునా ఎండ నీళ్ళ మాదిరి పారతా ఉంటాది, ఆ నీళ్ళలో కాళ్ళు తడవకుండా నడిచి వస్తాది సరసక్క. ప్రతి వాకిటి ముందరా నిలబడతాది, లోపలికి తొంగి చూస్తాది, కొప్పులోనుంచి పెన్సిలు తీస్తాది. నా వాకిటికి వచ్చేటప్పటికి నేను ఊపిరి బిగబట్టి నిద్ర నటిస్తా. కలలో నిద్ర నటించేవోణ్ణి ఈ జిల్లాలో నేనొకణ్ణే ఉంటా.

అదేందంటే, ఆ కాలంలో మెడ్రాసు నుంచి యూనివర్సిటీ వాళ్ళు జీపులో వచ్చినారు. సుదర్శనం సారని వాళ్ళకు పెద్ద. సన్నగా ఉంటాడు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. ఏడాదిలో ఎవురికి ఏ దెబ్బ తగిలింది, యాడ తగిలింది, ఎన్నాళ్ళు పనికి పోలా, ఇంటింటికీ పొయ్యి రాసుకోవాల, ఆమీద అది మళ్ళా తగలకుండా ఏం చెయ్యాల్నో ఊరోళ్ళకు నేర్పించాల. అదీ వాళ్ళ పని. తిరిగి అడిగేదానికి సరసక్కను పెట్టుకున్నారు. సారుకు తెలుగు రాదు. మా ఆడోళ్ళకు అరవం రాక కాదు, సంతలో బేరమాడతారు, బస్సులో కొట్లాడతారు, అంతా అరవంలోనే. ఒళ్ళు నొప్పి మాత్రం తెలుగులోనే చెప్పుకుంటారు. అందుకని నడాన ఒక దుబాసీ కావాల్సి వచ్చింది. నేను లేచి నిలబడినా. నా తెలుగు చదువు ఎట్లాంటిదంటే, ఊత్తుకోట బస్టాండులో ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి అచ్చరాలు నేర్చుకున్నోణ్ణి. సత్యవేడు, పుత్తూరు, నగరి, ఇవన్నీ తప్పు లేకుండా రాస్తా. ఆ ఊర్ల పేర్లలో లేని అచ్చరం వస్తే మాత్రం చెమట పడతాది. ఆ చదువుతోనే యూనివర్సిటీలో చేరినా అనుకో.

సరసక్క తెలుగులో అడగాల, ఇంటామె చెప్పాల, నేను దాన్ని అరవం చేసి కాగితంలో రాయాల. మొగోళ్ళ దెబ్బలు రకరకాలు. ఒకడు తాటిచెట్టు మీదినుంచి పడినాడు, ఒకడు సైకిలు మీదినుంచి, వేలాయుధమయితే బాయిలో పడి, తాడేస్తామురా అంటే ముందు బీడీ ఏయండి అన్నాడు. ఆడోళ్ళు మాత్రం నేల మీదినుంచి నేల మీదికే పడినారు. ఏందమ్మా ఆ కమిలింది అంటే, పడినా అక్కా. ఆ చెవి ఎందుకు వినపడదు అంటే, పడినా లే. నేను 'విళుందుట్టాంగ', కింద పడిపొయ్యినారు, అని రాస్తానే పొయినా. ముప్పై నాలుగిండ్లలో ముప్పై నాలుగు మంది. సుదర్శనం సారు చూసి తల పట్టుకున్నాడు. 'వెంకటపతి, ఈ ఊరి ఆడోళ్ళు ఎందుకిట్ల పడిపోతా ఉంటారు' అని అరవంలో నన్నే అడిగినాడు. నేనేమన్నా తక్కువా, మా ఊరి మట్టి అట్లాంటిది సార్, నున్నన అంటి. ఆయన నమ్మినాడు. మట్టి మీద నేరం పెడితే చదువుకున్నోళ్ళు తొందరగా నమ్మతారు. మేస్త్రీని పిలిపించి, ఊర్లో గుడ్డలుతికే రాళ్ళన్నిటికీ ఉలితో గాట్లు పెట్టించినాడు, కాలు జారకుండా. మా పెరట్లో రాయికి కూడా. ఇప్పటికీ ఉండాయి, పొయ్యేటప్పుడు చూడు. ఆమీద ఆడోళ్ళను వరసగా నిలబెట్టి నడక నేర్పించినాడు. మడమ ముందు, వేళ్ళు తరవాత. ఎవురికి, నెత్తిన నీళ్ళ బిందె పెట్టుకోని గట్ల మీద పరిగెత్తే మనుషులకు. వాళ్ళు కొంగు నోట్లో కుక్కుకోని నవ్వినారు. నేను కూడా నవ్వినా. నేను నవ్వింది వేరే లే.

బయట పడింది ఎట్లంటే, సరసక్క చేసిన తప్పుతో. ఆ పొద్దు వంద డిగ్రీల ఎండ. కాగితంలో యాడ పడినావు అని ఒక ప్రశ్న, ఎన్నాళ్ళు పనికి పోలా అని ఇంకో ప్రశ్న. నాలికె ఎండిపొయ్యి, రెండూ కలిసిపొయ్యి, మా పక్కింటి కాంచనను 'ఎన్నాళ్ళు పడినావే' అని అడిగేసింది. తప్పయిపొయ్యిందే అని తిరగ అడగబోతా ఉండాది. కాంచన చేతిలో చేట అట్లే నిలిచిపొయ్యింది. ఆ చేటలోకి చూస్తా, 'పెండ్లయినకాడినుంచీ అక్కా' అనింది. అంతే. నేను ఎత్తిన పెన్ను ఎత్తినట్టే పట్టుకున్నా. అరవంలో పడేదానికి ఒక మాట, పడేదానికి ఇంకో మాట తల్లీ. మనకు రెండింటికీ ఒకటే. కాలు జారినా పడినా అంటాము, మొగుని మాటా దెబ్బా ఓర్చుకున్నా పడినా అనే అంటాము. పడినోళ్ళెప్పుడూ చెడ్డోళ్ళు కాదని సామెత చెప్పి ఇంకా పడమంటాము. సరసక్క నా పక్క తిరిగి, 'వెంకటపతీ, ఇన్ని పడినాలు రాస్తివే, ఏది ఏ పడినానో నీకు తెలియదా' అనింది. నాకేం తెలుసక్కా, బస్సు బోర్డులు చదువుకున్నోణ్ణి, అంటి. 'అయితే పొయ్యి బస్సెక్కు' అనింది. ఆ పొద్దుతో నా దుబాసీ ఉద్యోగం ఊడింది.

మళ్ళా మొదటినుంచీ అన్ని ఇండ్లూ తిరిగింది, ఒకతే, మొగోళ్ళు టీ అంగడికి పొయ్యే ఏళ చూసి. యాడ పడినావు అని అడగదు, ఎన్నాళ్ళు పడినావు అని అడగతాది. నిజంగా కాలు జారినోళ్ళు నవ్వతారు, ఎన్నాళ్ళేందక్కా, పడి లేస్తి గదా అని. రెండో రకమోళ్ళు నవ్వరు. అంతే పరీక్ష. ఏ పడినానో తేలినాక కాగితంలో దిద్ది, కింద సంతకం పెట్టేది. సుదర్శనం సారు ఆ కాగితాలన్నీ చదివించుకోని, గాట్లు పెట్టించిన రాయి ఒకదాని మీద కూచోని శానాసేపు లేవలేదు. నేనేదో చెప్పబోతే, 'మట్టి గురించి చెప్పొద్దు' అన్నాడు, తెలుగులో. ఆయన నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే.

ఆమీద తిరుత్తణిలో, కొండ కింద ఒక కల్యాణ మండపం బాడిగకు పట్టి మూణ్ణాళ్ళు ట్రైనింగు పెట్టినారు. పది ఊర్ల ఆడోళ్ళు. కట్టు ఎట్ల కట్టాల, దెబ్బ తిన్నామెను పక్కన ఎవురూ లేనప్పుడు ఎట్ల అడగాల, యాడికి పిలుచుకోని పోవాల. సరసక్క మైకు ముందర నిలబడి ఆ ఒక్క ప్రశ్న నేర్పించింది. నేను యాడుంటినంటావా, కట్లు కట్టి నేర్చుకునేదానికి ఒక ఒళ్ళు కావాల గదా, ఉద్యోగం ఊడినోణ్ణి ఆ ఒళ్ళుగా తీసుకున్నారు. తలకు, చెవులకు, మోకాలికి, నా ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. కడపటి పొద్దు అందరూ ఒకరికొకరు కట్లు కట్టుకున్నారు, ఇప్పేదానికి బద్దకమయ్యి, అట్లే స్వామిని చూసి వస్తామని మెట్లెక్కినారు. మూడునూర్ల అరవై అయిదు మెట్లు. ముప్పై మంది ఆడోళ్ళు, తెల్ల కట్లు, మెడకు చెయ్యి వేలాడేసుకోని. అప్పుడే వాన ఎలిసింది, కొండ మీదికి మబ్బు దిగింది, మెట్లు కనబడీ కనబడకుండా ఉండాయి, వాళ్ళు ఒకరెనక ఒకరు ఆ మబ్బులోకి నడిచిపోతా ఉండినారు. కావడోళ్ళు అరోగరా అంటా దోవ ఇడిచినారు. ఇదేదో కొత్త మొక్కుబడి అనుకోని ఒక ముసలామె నా కాళ్ళకు మొక్కింది. నేను దీవించినా, ఇంగేం చెయ్యమంటావు.

ఆ కొండ కూడా కలలో వస్తాది. అదే మబ్బు, అవే మెట్లు, అడుగుల సప్పుడు ఉండదు. దేవకి ఆ పొద్దు రాలేదు, ఇంట్లోనే ఉండింది. కలలో మాత్రం ఉంటాది, కడపటి వరసలో, ఎడమచెయ్యి మెడకు కట్టుకోని. అందరివీ ఉత్తుత్తి కట్లు. ఆమెది మాత్రం పుత్తూరు కట్టు, కోడిగుడ్డు వాసనతో సహా నిజం. నేను కింది మెట్టు మీదనే నిలబడి ఉంటా. తిరిగి చూస్తాదేమోనని కొంచేపు, చూస్తే ఎట్లరా అని కొంచేపు.

ఆ, కాగితం. దానికే వస్తా ఉండా. రెండోతూరి తిరిగినప్పుడు సరసక్క మా ఇంటికి కడాన వచ్చింది. నేను అంగడికి పోలేదు. ఆ పొద్దు నాకు టీ మీద విరక్తి పుట్టింది. దేవకి ఈడనే, నువ్వు కూచున్న చోటనే, ఒంటి చేత్తో కూరాకు గిల్లతా ఉండింది. 'ఎన్నాళ్ళు పడినావు దేవకీ' అని అడిగింది సరసక్క. దేవకి నా పక్క చూసింది. నేనే అందుకున్నా, ఒకతూరే గదక్కా, పెరట్లో రాయి మీద, అని. 'నిన్నడగలా' అనింది. దేవకి ఆకు గిల్లేది నిలపలేదు. సరసక్క కొప్పులోనుంచి పెన్సిలు తీసింది, కాగితం చూసింది, పెన్సిలు మళ్ళా కొప్పులో పెట్టేసింది. అట్ల ఖాళీగా నిలిచింది అది. ఆమీద బతికినన్నాళ్ళూ, రేషన్ అంగట్లో గానీ పెండ్లి పంక్తిలో గానీ నా పక్కకే వచ్చి కూచోని, 'వెంకటపతీ, నీ కాగితం నా సంచిలోనే ఉండాది, నువ్వెప్పుడు చెప్తే అప్పుడు సంతకం' అనేది, పాయసం బాగుందని చెప్పినట్టు. ఆ మాట విన్నాక నా చెయ్యి మళ్ళా లేవలేదు. మంచోణ్ణి అయిపొయ్యినానని కాదు. ఆ సంచి అంటే భయం. కామెర్లొచ్చి మంచాన పడినప్పుడు చూసేదానికి పొయినా, తలగడ కింద సంచి. కండ్లు తెరిచి చూసింది, అడగలేదు. నేను దానిమ్మకాయలు పెట్టి వచ్చేసినా. ఆమె పొయ్యినాక ఆ సంచి మీ యూనివర్సిటీకే చేరిందంట, అట్ల నీ ఒళ్ళోకి వచ్చింది ఇది.

మా తనుశ్రీ చిన్నప్పుడు మణవాళనగర్ నుంచి సెలవలకు వచ్చేది. దేవకి మణికట్టు పట్టుకోని, ఇది ఎందుకవ్వా వంకర అని అడిగేది. కట్టు ఇప్పినాక నిలవకుండా వరికోతకు పొయ్యింది గదా, వంకర అట్లే ఉండిపొయ్యింది. దేవకి పెరటి పక్క చూపించి, 'ఆ రాయి తల్లీ, ఆ రాయే నన్ను పడేసింది' అనేది. నేను ఈ మంచం మీదనే ఉంటి. పిల్లోళ్ళు పడి ఏడిస్తే నేలను కొట్టి సముదాయిస్తాము గదా, మా బంగారాన్ని పడేస్తావా అని. అట్ల ఆ బిడ్డ పొయ్యి చిన్న చేతులతో రాయిని టపటపా కొట్టేది. 'మా అవ్వను పడేస్తావా, పడేస్తావా' అని. దేవకి నవ్వేది, నా పక్క చూడకుండా. నాకు రావాల్సినవన్నీ ఆ రాయి పడింది తల్లీ, ఉలి దెబ్బలు, బిడ్డ దెబ్బలు. దేవకి పొయ్యి తొమ్మిదేండ్లు. తనుశ్రీ ఇప్పటికీ ఆ రాయి మీద కాలు పెట్టదు, చుట్టు తిరిగి పోతాది.

సరే, కాగితాలన్నీ ఎక్కించుకున్న ఆ కంప్యూటరు పలక తెరువు. కారణం అనే చోట రాయి అని ఉండాది, దాన్ని కొట్టెయ్యి. చెయ్యి విరిగిన పొద్దు రాయి పెరట్లో ఎండలో ఉండాది, దేవకి వంటింట్లో ఉండాది, వాకిలికి అడ్డం నేనుంటి. నా సంతకం కావాలన్నా తీసుకో, అరవంలో పెడతా, తప్పులుండవు. అట్ల కాదు, నువ్వు అడగాల. సరసక్క దేవకిని అడిగినట్టే నన్నడుగు. యాడ అని కాదు తల్లీ. ఆ, అదీ. ఇంగొకతూరి అడుగు, నాకు రొంత చెవుడు.

పదకొండేండ్లు.

ఫ్యాను నిలిచిపొయ్యిందే. కరెంటు పొయ్యినట్టుండాది. ఆ పెరటి తలుపు తెరువు, గాలొస్తాది.